పుష్యమాసపు చెమట

పుష్యమాసం. ఉదయం మొదటి గంట. బి.ఏ. రెండవ సంవత్సరం తరగతి. కిటికీల వెలుపల మంచు ఇంకా విడిపోలేదు. ఆడపిల్లలు శాలువలు కప్పుకొని ముడుచుకొని కూర్చున్నారు. ప్రబంధములలోని ఋతువర్ణనలను గురించి పాఠం చెపుతున్నాను. వర్షర్తువు దాటి, శరత్తు దాటి, హేమంతం దాకా వచ్చాను. అంతలో రొమ్ము నడుమ ఎక్కడో ఒక నిప్పుకణిక రాజుకొన్నట్లయినది. అది మెడకు ప్రాకి, చెవులకు ప్రాకి, నుదుటిమీద చెమటయి పొంగినది. చేతిలోని పుస్తకం అట్ట తడిసినది. "ఆ పంకా వేయి నాయనా" అన్నాను స్విచ్చి దగ్గర కూర్చున్న కుర్రవానితో. తరగతి యావత్తు ఒక్కసారి నా వంక చూచినది. వెనుక బల్లనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. హేమంతవర్ణన చెపుతూ పంకా వేయించిన పండితురాలిని బహుశః నేనొక్కతెనే అయి ఉంటాను.

అప్పటికి నాకు గర్భసంచి తీసివేసి మూడున్నర ఏండ్లు. "ఒక ఆరు నెలలు ఒళ్ళు వేడిగా ఉంటుంది, తరువాత అంతా సర్దుకొంటుంది" అని చెప్పి ఇంటికి పంపించారు. ఆ ఆరు నెలలు ఏడు పర్యాయములు గడిచినవి, సర్దుకొనలేదు. నేడు పన్నెండవ ఏడు నడుస్తున్నది. మునుపటి ఉద్ధృతి లేదు గాని ఆ ఆవిరి నన్ను పూర్తిగా విడిచిపోలేదు. ఈ సంగతిని ఆదివారం పత్రికలో వ్రాయవచ్చునా అని చాలాకాలం నాలో నేను తర్కించుకొన్నాను. ఋతుసంహారమును గురించి వ్రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఋతువిరతిని గురించి వ్రాస్తే ముఖం చిట్లిస్తారు. ఐనా ఈ పుటలు చదివేవారిలో ఉపాధ్యాయినులు ఉన్నారు. వారు దినమంతా నలుబదిమంది పిల్లల యెదుట నిలబడవలసినవారు. విద్యార్థులు ఉన్నారు. వారికి ఇండ్లలో తల్లులు ఉన్నారు. కాబట్టి వ్రాస్తున్నాను.

తెలుగు చెప్పుకొని బ్రతికేదానిని గనుక మొదట మాట సంగతి చెప్పుకొని తరువాత మనిషి సంగతికి వస్తాను. మన ఇండ్లలో "ముట్లుడిగినవి" అంటారు. ఈ ఉడుగు అనే ధాతువు చాలా మెత్తనిది. గాలి ఉడుగుతుంది, వయసు ఉడుగుతుంది, కోరిక ఉడుగుతుంది. క్రమక్రమంగా సన్నగిల్లి, ఏనాడు ఆగినదో గుర్తు పట్టలేకుండా ఆగిపోవటం అందులోని భావం. సహజంగా జరిగేదానికి ఇంతకంటె సరియైన మాట దొరకదు. సుశ్రుతుడు కూడా పన్నెండవ యేట మొదలయ్యే ఋతుధర్మం ఏబదవ యేట క్షయిస్తుందన్నాడు. క్షయమన్నా కొంచెం కొంచెంగా తరిగిపోవటమే గదా. పాశ్చాత్యులు నేడు వాడే "మెనోపాజ్" అనే మాట అంత పాతది కాదు. ఫ్రాన్సు దేశంలో గార్దాన్ అనే వైద్యుడు 1821లో దానిని ప్రయోగించాడు.

ఐతే కత్తితో అండాశయములు తీసివేయించుకొన్న స్త్రీకి ఉడిగేందుకేమున్నది? మధ్యాహ్నం బల్లమీద పడుకొన్నప్పుడు ఉన్నది సాయంకాలం మెలకువ వచ్చేసరికి లేదు. ఆ స్థితికి మన భాషలో వేరే మాట లేదు. ఉన్న మాటనే దానికీ వాడుతాము. వాడి, ఆ స్త్రీ బాధ కూడా అత్తగారికో పిన్నిగారికో వచ్చినటువంటిదే అనుకొంటాము. నా పొరపాటు అక్కడనే మొదలైనది.

నా నలుబది మూడవ యేట నెలకు పది పన్నెండు దినములు రక్తస్రావమయ్యేది. తరగతికి పోతే కుర్చీలోనుంచి లేవటానికి భయం. గర్భసంచిలో గడ్డలున్నవన్నారు. మా ఊరిలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. "పిల్లలు పెద్దవాళ్ళయినారు గదా, ఇంకా అదెందుకు? తీసివేస్తే పీడ విరగడైపోతుంది" అన్నారు. ఆ "ఎందుకు" అన్నదానికి నేను ఎదురు ప్రశ్న వేయలేదు. సంతకం పెట్టమన్నచోట పెట్టాను. రక్తస్రావం నిజంగానే ఆగిపోయినది. ఆ సుఖాన్ని తక్కువ చేసి చెప్పను. ఐదవనాడు ఇంటికి పంపుతూ ఒక కాగితం చేతికిచ్చారు. దానిని మడిచి బీరువాలో చీరల క్రింద పెట్టాను. తాళపత్రప్రతిలో అరసున్న ఉన్నదా లేదా అని సాటి అధ్యాపకునితో రెండు దినములు తగవులాడిన మనిషిని నేను. నా కడుపు కోసినవారు వ్రాసియిచ్చిన ఒక్క పుటను నాలుగేండ్లు విప్పి చూడలేదు.

మూడవ వారంలోనే ఆవిర్లు మొదలైనవి. పగలు ఏడెనిమిది సార్లు, రాత్రి నాలుగైదు సార్లు. ముందు గుండె దడదడమంటుంది. ఏదో కీడు రాబోతున్నదన్న భయం. ఆ వెనుక వేడి, దాని వెనుక చెమట, చివరకు చలి. తడిసిన రవిక మార్చుకొని పడుకొంటే కన్ను మూతపడే వేళకు మళ్ళీ మొదలు. నిద్ర లేని మనిషికి ఏమేమి జరుగుతాయో అన్నీ జరిగినవి. మోకాళ్ళు పట్టుకొన్నవి. అకారణంగా కోపం, ఆ కోపానికి అరగంట తరువాత ఏడుపు. అన్నిటికంటె నన్ను భయపెట్టినది మరొకటి. ఒకనాడు అలంకారాలు చెపుతూ "ఉత్ప్రేక్ష" అన్న మాట గుర్తు రాక నల్లబల్ల వైపు తిరిగి నిలబడిపోయినాను. ఇరవయి ఏండ్లుగా నోట నానిన మాట. నాకు మతి పోతున్నదేమోనని ఆ రాత్రి నిజంగా భయపడ్డాను.

మావారు మంచివారు. ఐనా పుష్యమాసంలో అర్ధరాత్రి కిటికీ తెరిస్తే దుప్పటి ముసుగులోనుంచి ఒక నిట్టూర్పు వినిపించేది. మా అమ్మతో చెప్పుకొంటే, "నాకూ వచ్చినవే అమ్మాయీ, ఏడాదికి పోయినవి. నువ్వు చదువుకొన్నదానివి, అన్నీ పట్టించుకొంటావు" అన్నది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెకు ఉడిగినవి, నాకు తెగినవి.

నాలుగవ ఏట ఒక ప్రభుత్వ వైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. ఆమె నా మాటలన్నీ విని, "డిశ్చార్జి కాగితం తెచ్చుకొన్నారా?" అని అడిగినది. చీరల క్రిందనుంచి తీసి తీసుకొని వెళ్ళాను. చూచి, నా వైపు చూచి, "ఏమండీ, గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసివేశారు గదా, మీకు తెలియదా?" అన్నది.

"కాగితంలో ఉన్నదా అండీ?"

"ఇదిగో. టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ. ఈ బి.ఎస్.ఓ. అంటే అదే."

మూడు అక్షరములు. నాకు తెలియని లిపి కూడా కాదు. తీసిన భాగములను పరీక్షించిన కాగితం దానికే గుచ్చి ఉన్నది. అందులో అండాశయములు రెండూ మామూలుగా ఉన్నవని వ్రాసి ఉన్నది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయినాను.

అండాశయములను తీయవలసిన సందర్భములు లేకపోలేదు. వాటిలో కేన్సరు ఉన్నప్పుడు, వంశంలో ఆ జబ్బుకు సంబంధించిన జన్యుదోషం ఉన్నప్పుడు, మరి కొన్ని తీవ్రమైన వ్యాధులలో తీయవలసిందే. అట్టి కారణమేదీ లేక, "ఎట్లాగూ కడుపు తెరిచాము గదా" అని తీయటం వేరు. సహజంగా ముట్లుడిగిన తరువాత కూడా అండాశయం పూర్తిగా వట్టిపోదు. కొన్ని హార్మోనులను కొంత పాళంలో తయారు చేస్తూనే ఉంటుంది. గర్భసంచి మాత్రమే తీసి అండాశయములను ఉంచినా అవి మామూలుకంటె కొంత ముందుగా అలసిపోవచ్చునని కూడా వైద్యులు గుర్తించారు. కాబట్టి ఈ రెండింటికీ భేదం తెలియకుండా "గర్భసంచి ఆపరేషను" అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవటం రోగికి తగదు.

ఇది నా ఒక్కదాని కథ ఐతే ఇంత దూరం వ్రాయను. మా కళాశాలలో నీళ్ళు పట్టే ఆమెకు ఇరవయి తొమ్మిదవ యేట గర్భసంచి తీశారు. "మా వీధిలో ఇంటికొకరున్నారమ్మగారూ. ఉంచుకుంటే కేన్సరౌతాదన్నారు. నెలనెలా కూకుంటే కూలెవరిత్తారు? తీయించేసుకుంటే పోలా అనుకున్నా" అన్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ సంగతిని అంకెలలో చెపుతున్నది. 2019-21 సర్వేలో పదిహేను మొదలు నలుబది తొమ్మిది ఏండ్ల వరకు వయసుగల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తంమీద నూటికి 3.3. ఆంధ్రప్రదేశ్‌లో 8.7. తెలంగాణలో 8.2. దేశంలో మొదటి రెండు స్థానములూ మనవే. అంతకు ముందటి 2015-16 సర్వేలో కూడా మనమే ముందున్నాము. ఇందుకు కారణమేమని నన్నడిగితే, ఒకటి కాదంటాను. చిన్న వయసున పెండ్లి, ఇరవయి దాటీ దాటకుండానే ఇద్దరు ముగ్గురు పిల్లలు, వెంటనే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స. ఆ పిమ్మట గర్భసంచి పని ముగిసిన సామానుగా ఇంట్లోవారికీ, ఆమెకూ, వైద్యునికీ కూడా కనపడుతుంది. స్నానాల గది లేని ఇల్లు, మరుగు లేని పొలం, కూలి పోతుందన్న భయం దానికి తోడు. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అక్కరలేని గర్భసంచి శస్త్రచికిత్సలు జరుగుతున్నవని డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పినది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఏర్పరచిన మార్గదర్శక సూత్రములను మూడు నెలలలో అమలు పరచవలసినదని అన్ని రాష్ట్రములనూ ఆదేశించినది. తీర్పు మంచిదే. మా నీళ్ళామెకు ఆ తీర్పు సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

పాత చరిత్ర కొంత చెప్పవలెను. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మెక్‌డొవెల్ అనే వైద్యుడు 1809లో జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే స్త్రీ కడుపు కోసి పెద్ద అండాశయపు గడ్డను తీశాడు. మత్తుమందు ఇంకా పుట్టని కాలం. ఆమె బ్రతికి, తరువాత ముప్పయి ఏండ్లకు పైగా జీవించినది. అది ప్రాణం నిలిపిన కత్తి. 1872లో జార్జియా రాష్ట్రంలో బాటీ అనే మరొక వైద్యుడు జబ్బు లేని అండాశయములను కూడా తీయటం మొదలుపెట్టాడు. నొప్పులకు, మూర్ఛలకు, చివరకు మనోవ్యాధులకు కూడా అదే మందని కొన్ని దశాబ్దముల పాటు వేలమంది స్త్రీలకు ఆ పని చేశారు. వారికి ఒళ్ళు భగ్గుమనటం వైద్యులు చూడకపోలేదు. కాని ఎందువల్లనో తెలియదు. అండాశయం ఒక రసమును రక్తంలోకి వదలుతుందనీ, ఆ రసం ఇదీ అనీ తేలటానికి 1929 రావలసి వచ్చినది. ఆ యేడు జర్మనీలో బూటెనాండ్ట్, అమెరికాలో డాయిసీ వేరువేరుగా ఈస్ట్రోన్ అనే హార్మోనును శుద్ధరూపంలో వేరుపరచారు. 1942 నాటికి చూలు గుర్రముల మూత్రంనుంచి తీసిన హార్మోను మాత్రలు అమెరికాలో అమ్మకానికి వచ్చినవి.

ఇక ఆవిరి ఎందుకు పుడుతుందో చెపుతాను. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉన్నది. ఒంటి లోపలి వేడికి అది కావలివాడు. వేడి ఇంతకు తగ్గరాదు, ఇంతకు మించరాదు అని ఒక హద్దు పెట్టుకొని, ఆ హద్దులో ఉన్నంతసేపు ఊరుకొంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గితే ఆ హద్దు ఇరుకైపోతుంది. వరండాలోనుంచి గదిలోకి వచ్చినంత మాత్రాన కలిగే ఇంచుక వేడికే కావలివాడు హడలిపోయి, రక్తనాళములు తెరువండి, చెమట పోయండి అని కేకలు పెడతాడు. పిల్లి నడిచినా దొంగ అని ఊరంతా లేపే తలారివంటివాడు. అరిజోనా విశ్వవిద్యాలయంలో నవోమి రాన్స్ అనే శాస్త్రజ్ఞురాలు ముట్లుడిగిన స్త్రీల మెదడులో ఈ భాగంలోని కొన్ని కణములు పెద్దవైపోయి ఉండటం కనుగొన్నది. ఈస్ట్రోజెన్ అదుపు లేకపోవటంవల్ల అవి చెలరేగుతున్నవని తరువాత తేలినది. సహజంగా ఉడిగేవారిలో హార్మోను కొన్ని ఏండ్లపాటు హెచ్చుతూ తగ్గుతూ సన్నగిల్లుతుంది. కత్తితో పోయినవారిలో కొద్ది దినములలోనే అడుగంటుతుంది. వారి ఆవిర్లు సాధారణంగా మరింత తీవ్రంగా ఉండటానికి కారణమిదే.

ఎన్నాళ్ళు? నేను అందరినీ అడిగిన ప్రశ్న ఇది. అమెరికాలో కొన్ని వేలమంది మధ్యవయసు స్త్రీలను ఏండ్ల తరబడి అనుసరించి చూచిన ఒక పరిశోధన ఫలితం 2015లో వెలువడినది. సహజంగా ముట్లుడిగినవారిలో తరచుగా ఆవిర్లు వచ్చేవారికి అవి సగటున ఏడేండ్లకు పైగా, 7.4 ఏండ్లు, ఉన్నవి. కొందరికి పది పన్నెండేండ్లు. నాకు చెప్పిన ఆరు నెలలు ఎక్కడ, ఈ ఏడేండ్లు ఎక్కడ! ఈ అంకె చదివిననాడు విచారం కలుగవలసినది. చిత్రంగా ఊరట కలిగినది. నా మనోదౌర్బల్యం కాదు గదా.

మందు సంగతి. హార్మోను మందు అనగానే మన స్త్రీలు భయపడతారు. వైద్యులూ కొందరు భయపడతారు. ఆ భయానికి ఒక తేదీ ఉన్నది. 2002 జూలైలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అమెరికన్ పరిశోధనలో 16,608 మంది స్త్రీలతో నడుస్తున్న ఒక భాగాన్ని అర్ధాంతరంగా ఆపివేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి తీసుకొన్నవారిలో రొమ్ము కేన్సరు, గుండెజబ్బు, పక్షవాతం కొంత హెచ్చుగా కనిపించినవి. ఆ వార్త ప్రపంచమంతా ప్రాకినది. కాని ఆ పరిశోధనకు రెండవ భాగం ఒకటి ఉన్నదని చాలామందికి తెలియదు. గర్భసంచి లేని 10,739 మంది స్త్రీలకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి చూచారు. గర్భసంచి ఉన్నవారికి దాని లోపలి పొర దళసరెక్కకుండా ప్రొజెస్టిన్ అవసరం. లేనివారికి ఆ అవసరం లేదు. 2004లో ఈ భాగాన్నీ ఆపారు. పక్షవాతం హెచ్చినదన్నది కారణం. ఐతే రొమ్ము కేన్సరు హెచ్చలేదు. అనేక సంవత్సరములు అనుసరించి చూస్తే తగ్గినది కూడా. మరొక సంగతి: ఈ రెండు భాగములలోని స్త్రీల సగటు వయసు అరవయి మూడు. నలుబది మూడేండ్లకు అండాశయములు పోగొట్టుకొన్న మనిషికి ఆ ఫలితములను అట్లే అతికించటం తప్పు. నలుబది అయిదుకు ముందే ఇట్లా ఐనవారికి, అడ్డుకారణములేవీ లేకపోతే, సహజంగా ఉడిగే వయసు వచ్చేదాకానైనా ఈస్ట్రోజెన్ ఇవ్వటం మేలని నేటి వైద్యుల అభిప్రాయం. ఆవిర్ల కోసమే కాదు, ఎముకల కోసమూ, గుండె కోసమూ.

మా డాక్టరమ్మ వెంటనే మందు వ్రాయలేదు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము కేన్సరు ఉన్నదా, కాళ్ళలో రక్తం గడ్డకట్టినదా, కాలేయం ఎట్లా ఉన్నది, రక్తపు పోటు ఎంత అని అడిగినది. రొమ్ముల ఎక్స్‌రే తీయించినది. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష చేయించినది. నలుబది ఏడేండ్లకే నా ఎముకలు పలచబడినవని అందులో తెలిసినది. ఆ పిమ్మట ఈస్ట్రోజెన్ జెల్ వ్రాసినది. రోజూ చేతికి రాసుకొనేది. మూడు వారములకు రాత్రి చెమట సగం తగ్గినది. రెండు నెలలకు వరుసగా ఆరుగంటలు నిద్రపోయినాను. "ఉత్ప్రేక్ష" తిరిగి వచ్చినది. ఐదేండ్లు వాడి, ఆమె సలహామీద కొంచెం కొంచెంగా మానివేశాను. మానగానే ఆవిర్లు మళ్ళీ వచ్చినవి. దినానికి రెండు మూడు. ఇప్పుడూ ఉన్నవి. ఈ మందు నాకు సరిపడినదని అందరికీ సరిపడుతుందని కాదు. రొమ్ము కేన్సరు వచ్చిన మా సాటి ఉపన్యాసకురాలికి ఇది పనికిరాదన్నారు. మనోవ్యాకులతకు వాడే మందులలో ఒకదానిని తక్కువ మోతాదులో ఇస్తే ఆమెకు కొంత తెరిపి ఇచ్చినది. ఇందాక చెప్పిన మెదడు కణములనే అదుపుచేసే ఫెజోలినెటాంట్ అనే కొత్త మాత్రను అమెరికా ప్రభుత్వం 2023లో అనుమతించినది. కాలేయానికి హాని కలుగవచ్చునన్న గట్టి హెచ్చరికను 2024లో దానికి జతపరచినది. ఆడవారి టానిక్కులని సీసాలలో అమ్మేవి నేనూ ఆరు సీసాలు త్రాగాను. తియ్యగా ఉన్నవి.

మరొక బాధ గురించి వ్రాయటానికి కలం వెనుకాడుతున్నది. ఐనా వ్రాయకపోతే ఇంతా వ్రాసి ప్రయోజనం లేదు. మర్మావయవముల పొడితనం, మూత్రంలో మంట, మాటిమాటికి వచ్చే మూత్రపు జబ్బు, దాంపత్యంలో నొప్పి ఇవన్నీ ఈస్ట్రోజెన్ లోపంవల్ల వచ్చేవే. ఆవిర్లు ఏనాటికైనా తగ్గుముఖం పట్టవచ్చును. ఇది తనంతట తాను తగ్గదు, కాలం గడిచినకొద్దీ హెచ్చుతుంది. దీనికి పైపూతగా వాడే తక్కువ మోతాదు హార్మోను క్రీము ఉన్నది; అది రక్తంలో కలిసేది చాలా స్వల్పం. వయసులో పెద్దవారికి కూడా వైద్యులు వ్రాస్తారు. అడగాలి, అంతే. నేను అడగటానికి ఆరేండ్లు పట్టినది.

ఇంటి ఉపాయములలో నాకు పనికివచ్చినవి చెపుతాను. నైలక్సు, పాలియెస్టరు చీరలు చెల్లెండ్రకు పంచిపెట్టి నేత చీరలకు వచ్చాను. పక్కలో విడి దుప్పటి, తలగడ ప్రక్కన చేతి తువ్వాలు, మరచెంబుతో చల్లని నీళ్ళు. ఒక చిన్న పుస్తకంలో నెల దినములు ఆవిరి వచ్చిన వేళలు వ్రాసుకొన్నాను. సాయంకాలం కాఫీ తరువాత, ఆవకాయ అన్నం తరువాత, ప్రిన్సిపాలుగారి గదిలోకి పోయే ముందు హెచ్చుగా కనిపించినవి. మొదటి రెండింటిని తగ్గించాను. ఎముకల కోసం రాగిసంకటి, పెరుగు, నువ్వులు, ఉదయపుటెండలో నడక. దానితోపాటు వారానికి మూడు దినములు బరువులెత్తటం. బరువులంటే మరేమీ లేదు, ఇసుక నింపిన రెండు సీసాలు. మా మనుమరాలు చూచి "అమ్మమ్మా, కుస్తీకి పోతావా?" అన్నది.

లండనులోని కింగ్స్ కాలేజీలో మైరా హంటర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు మరొక త్రోవ చూపారు. ఆవిరి వచ్చినప్పుడు మనసులో మెదిలే మాటను పట్టుకొని మార్చుకోవటం, మెల్లగా ఊపిరి పీల్చటం వారు నేర్పే పద్ధతి. దానివల్ల ఆవిర్ల సంఖ్య అంతగా తగ్గదు. వాటివల్ల కలిగే బాధ తగ్గుతుంది. నా మనసులోని మాట ఏమిటో నాకు తెలుసు: "అందరూ నన్నే చూస్తున్నారు." ఉపాధ్యాయులకు అది భ్రమ కూడా కాదు, నిజంగానే చూస్తారు. అందుచేత నేను మరొక విధంగా చేశాను. కొత్త సంవత్సరం మొదటి తరగతిలోనే చెప్పివేశాను: "నాకొక శస్త్రచికిత్స జరిగింది. దానివల్ల అప్పుడప్పుడు ఒళ్ళు వేడెక్కి చెమట పోస్తుంది. రెండు నిమిషాలు ఉంటుంది. ఆ రెండు నిమిషాలు మీరు పద్యానికి పదవిభాగం చేయండి." ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు నేను తువ్వాలు తీయగానే ఒక పిల్లవాడు లేచి పంకా వేస్తాడు, మిగిలినవారు పదవిభాగానికి దిగుతారు. ఈ పన్నెండేండ్లలో మా విద్యార్థులకు సంధులు బాగా వచ్చినవి.

పాఠశాలలలో పనిచేసే సోదరీమణుల స్థితి నాకంటె కష్టం. గంట గంటకూ తరగతి మారటం, వేసవిలో రేకుల గదులు, శుభ్రమైన మరుగుదొడ్డి కోసం వెదుకులాట. కూర్చొని పాఠం చెప్పటానికి ఒక కుర్చీ, తాగటానికి నీళ్ళు, అయిదు నిమిషములు బయటకు పోయి రావటానికి తోటివారి సహాయం ఉంటే చాలునన్నది మా అధ్యాపకుల గదిలో విన్నాను. కుర్చీ అడిగితే "వయసు మీదపడిందా టీచరుగారూ?" అని హాస్యమాడే ప్రధానోపాధ్యాయులు కూడా ఉన్నారట.

మొన్న కార్తికంలో మూడవ సంవత్సరం చదివే ఒక అమ్మాయి తరగతి అయిన తరువాత నా వెంట వరండా చివరిదాకా వచ్చినది. "మేడమ్, మీరు తరగతిలో చెప్పినటువంటిదే మా అమ్మకూ ఉన్నదేమో" అన్నది. తల్లికి ముప్పయి ఆరేండ్లు. రెండేండ్ల క్రిందట గర్భసంచి తీశారు. రాత్రులు లేచి వాకిట్లో కూర్చుంటుంది. తాకితే కసురుకొంటుంది. గాలి సోకిందని నాయనమ్మ రెండు సార్లు తాయెత్తు కట్టించినది. "నేనంటే ఇష్టం పోయిందనుకొన్నాను మేడమ్" అన్నది ఆ పిల్ల, నేల చూస్తూ.

ఇంట్లో ఆసుపత్రి కాగితం ఉంటే తెమ్మన్నాను. మర్నాడు సంచిలోనుంచి పాలిథిన్ కవరు తీసినది. అందులో రేషను కార్డు నకలు, కరెంటు బిల్లులు, వాటి నడుమ నాలుగు మడతలు పడిన కాగితం. నేనే చదివి చెప్పగలను, కాని చదువలేదు. అక్షరాలమీద వేలు పెట్టి, "నీవే చదువు" అన్నాను. చదివినది. టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ.

వచ్చే గురువారం ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మ ఓపీ చూస్తుంది. పొద్దున ఏడున్నర బస్సుకు తల్లినీ కూతురినీ రమ్మన్నాను. తల్లి ఫోనులో నాతో మాట్లాడినది. "నా కాగితం ఇంకోసారి జెరాక్సు తీయించుకు రానా అమ్మా, ఇది చిరిగిపోయేట్టున్నది" అని అడిగినది. రెండు తీయించుకొని రమ్మని చెప్పాను.